నికాహ్‌నామాను ముందు రోజే చదవండి

యాదగిరిగుట్ట పెళ్లిళ్ల ఊరు. మాఘం, ఫాల్గుణం, వైశాఖం వచ్చాయంటే కొండ కింద సత్రాలలోగాని ఫంక్షన్ హాళ్లలోగాని ఖాళీ గది దొరకడం కష్టం. నరసింహస్వామి సన్నిధిలో పెళ్లి చేసుకోవాలని భువనగిరి, ఆలేరు, జనగామల నుంచే కాక హైదరాబాదు నుంచి కూడా జనం వస్తారు. 2022 మార్చి 28న పునర్నిర్మించిన ఆలయం తెరుచుకున్నాక ఆ రద్దీ ఇంకా పెరిగింది. ఆ పెళ్లివారిని కొండ దాకా చేర్చే ఆటోవాలాలలోను, షామియానాలు కట్టేవారిలోను, గాజులు, పండ్లు అమ్మేవారిలోను మన కుటుంబాల వారున్నారు. ఊరందరి పెళ్లిళ్లలో కష్టపడి సంపాదించిన ఆ రూపాయలు తమ ఇంట్లో నికాహ్ జరిగిన ఒక్క రాత్రిలో కరిగిపోతున్నాయి. ఆ పెళ్లి మిగిల్చే అప్పు ఒక వైపు, ఆ పెళ్లిలో ఎవరూ చదవకుండా సంతకం చేసే కాగితం మరొక వైపు చూసి ఈ నాలుగు మాటలు రాయాలనిపించింది. పెళ్లికి సిద్ధమవుతున్న యువతీయువకులనే మేము ముందుగా ఉద్దేశిస్తున్నాం; పెద్దలు వింటే సంతోషం.

మొదట తేదీ సంగతి. మనకు ముహూర్తం పట్టింపు లేదు. ఈ సౌకర్యాన్ని మన వాళ్లు ఎంత తక్కువగా వాడుకుంటున్నారో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ఇరుగుపొరుగుకు మంచి ముహూర్తాలున్న ఆదివారం నాడే మనమూ హాలు కోసం పోటీ పడి, వారు చెప్పిన అద్దె ఇచ్చి వస్తాం. ఆషాఢంలో అవే హాళ్లు ఖాళీగా ఉంటాయి. వారం మధ్యలో ఒక రోజు, అసర్ తరువాత మసీదులో నికాహ్, ఇంటి ముందు పందిరి అనుకుంటే అసలు హాలే అవసరం లేదు. సఫర్ నెలలో పెళ్లి చేయరాదన్న మాటకు ధర్మంలో ఆధారం లేదు. అది మనం పెంచుకున్న భయం. హాలే కావాలనుకుంటే బయానా ఇవ్వకముందే ఒక ప్రశ్న అడగండి: వంటశాలలో మాంసం వండనిస్తారా? ఇది పుణ్యక్షేత్రం. కొన్నిచోట్ల ఒప్పుకోరు, అందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. కాని ఆ మాట దేగ్‌లు దించిన తరువాత తెలిస్తే ఇరువైపులా మనసులు కష్టపడతాయి. రసీదు మీదనే రాయించుకోండి. ఊరిలో మనకు వరుసలు కలిపి పిలుచుకునే హిందూ బంధువులు చాలామంది ఉంటారు. వారి కోసం వేరే పొయ్యి, వేరే వంటమనిషి పెట్టడం మన పల్లెలలో తాతల నాటి మర్యాద. అది తప్పక ఉండాలి. తగ్గించవలసినది మరొకటి ఉంది.

అది ఆడపిల్ల వారు పెట్టే విందు. సున్నత్‌గా మనకు తెలిసిన విందు వలీమా ఒక్కటే, దాన్ని ఇవ్వవలసినది వరుడు. ఒక్క గొఱ్ఱెతోనైనా సరే వలీమా ఇవ్వమని దైవప్రవక్త (స) తన సహచరునికి చెప్పిన సంగతి జుమా ప్రసంగాలలో ఎన్నోసార్లు విన్నాం. వధువు తండ్రి మూడు నాలుగు వందల మంది బరాతీలకు బగారా, దాల్చా, మాంసం కూర, డబుల్ కా మీఠా పెట్టాలని ఏ గ్రంథంలో ఉందో మాకెవరూ చూపలేదు. అయినా సంబంధం మాట్లాడే రోజున మొదటి షరతు అదే. "మాకేమీ వద్దు, మా వాళ్లకు భోజనం మాత్రం ఘనంగా పెట్టండి" అంటారు. వినడానికి ఎంత ఉదారమైన మాట! ఆ పక్కనే జోడే కీ రకమ్, బండి, మంచం, బీరువా నడుస్తూనే ఉంటాయి.

ఒక చిన్న లెక్క చూద్దాం. పెళ్లికి మూడు లక్షలు అప్పు చేశారనుకోండి. మన ప్రాంతంలో చేబదులు నూటికి మూడు రూపాయల వడ్డీకి దొరుకుతుంది. నెలకు తొమ్మిది వేలు, ఏడాదికి లక్షా ఎనిమిది వేలు. షాదీ ముబారక్ కింద ప్రభుత్వం ఇచ్చేది 1,00,116 రూపాయలు. అంటే ఆ సాయం మొత్తం ఒక ఏడాది వడ్డీకైనా చాలదు. అసలు అలాగే ఉంటుంది, వెనక చదువుకునే తమ్ముడు ఆటో ఎక్కుతాడు. ఇలా బడి మానిన పిల్లలను మేము ఎరుగుదుము.

వరకట్న నిషేధ చట్టం 1961 నాటిది. ఇచ్చినవారినీ పుచ్చుకున్నవారినీ అయిదేళ్లకు తగ్గకుండా శిక్షించవచ్చునని అందులో ఉంది. మహర్‌ను మాత్రం ఆ చట్టం వరకట్నంగా లెక్కించలేదు. చట్టం కూడా గుర్తించిన ఈ తేడాను మనం తలకిందులు చేసుకున్నాం. వరుడు ఇవ్వవలసిన మహర్ పదకొండు వేల దగ్గర ఆగిపోతుంది. వధువు ఇంటి నుంచి వెళ్లేది లక్షలకు చేరుతుంది. మహర్‌ను మనస్ఫూర్తిగా ఇవ్వమని దివ్య ఖుర్ఆన్ అన్‌నిసా అధ్యాయం నాలుగవ వాక్యం పురుషులకు చెబుతోంది. హజ్రత్ అలీ తన కవచాన్ని అమ్మి ఫాతిమా గారికి మహర్ చెల్లించిన ఉదంతాన్ని మన ఇళ్లలో పిల్లలకు కథగా చెబుతాం. సంబంధం ఖాయం చేసుకునేటప్పుడు ఆ కథ ఎవరికీ గుర్తు రాదు.

అన్నీ కాదనుకున్నా, తల్లిదండ్రులు బిడ్డకు ఇష్టంగా కొన్ని వస్తువులు ఇస్తారు. అలా ఇచ్చినవాటికి జాబితా రాయాలి. 1985 నాటి నిబంధనలు కూడా ఆ మాటే చెబుతాయి: వస్తువు, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, బంధుత్వం, వధూవరుల సంతకాలు. బంగారమైతే తూకం, దుకాణం రసీదు జత చేయండి. "ఇంత నమ్మకం లేకుండా సంబంధమా?" అని ఎవరైనా నొచ్చుకోవచ్చు. అప్పు వ్యవహారాలను రాసుకోమని ఆదేశించిన ధర్మం మనది. రాయడం అపనమ్మకమైతే ఆ ఆదేశం వచ్చేదే కాదు. విడాకుల తరువాత స్త్రీకి ఆమె మహర్, పెళ్లికి ముందుగాని, పెళ్లిలోగాని, తరువాతగాని ఆమెకు ఇచ్చిన ఆస్తులు అందాలని 1986 చట్టం చెబుతోంది. అయితే ఏమిచ్చారో చూపించే కాగితం లేనప్పుడు చట్టం ఉండి ఏం ప్రయోజనం?

ఇక అసలు విషయం, నికాహ్‌నామా. మన ఇళ్లలో విందు జాబితాను పది మంది కూర్చుని నాలుగుసార్లు సరిచూస్తారు. నికాహ్‌నామాను మాత్రం ఖాజీ గారు మగ్రిబ్ తరువాత జనం మధ్య, కెమెరా వెలుగులో నింపుతారు. పక్కన వరుని స్నేహితుల సందడి. వధువు గదిలోకి వకీలు, ఇద్దరు గవాహులు వెళ్లి ఆమె అంగీకారం అడుగుతారు. తల వంచుకుని ఆమె చేసే సంతకం ఏ గడుల కింద పడుతోందో ఆమెకు తెలియదు. ఆ పత్రం తరచు ఉర్దూలో ఉంటుంది. తెలుగు మీడియంలో చదువుకున్న మన పిల్లలలో ఎంతమంది దాన్ని చదవగలరు?

అందుకే నికాహ్‌కు ఒక రోజు ముందు ఖాళీ నమూనా తెప్పించి, ఇద్దరూ, రెండు కుటుంబాలూ చదవాలని మేము కోరుతున్నాం. చదివేటప్పుడు మహర్ గడి దగ్గర ఎక్కువ సేపు ఆగండి. అక్కడ వచ్చే రెండు అరబీ మాటలు చెవికి దాదాపు ఒకేలా వినిపిస్తాయి. ముఅజ్జల్‌లో 'ఐన్' అక్షరం ఉంటే వెంటనే చెల్లించవలసినదని అర్థం. 'హమ్జా' ఉంటే తరువాత చెల్లించవలసిన బాకీ. ఒక్క అక్షరం తేడా, ఒక జీవితకాలం వాయిదా. ఏది రాశారో అర్థం కానప్పుడు పక్కనే తెలుగులో రాయించండి: "మహర్ ఇంత, వెంటనే చెల్లించాను" అనో, "ఇంత బాకీ, ఫలానా తేదీలోగా చెల్లిస్తాను" అనో. బాకీ ఉంచే పక్షంలో రూపాయలలో కాక బంగారం తూకంలో రాయించడం మేలు. ఇరవై ఏళ్ల కిందట రాసుకున్న పదకొండు వేలతో ఇవాళ ఏ పాటి బంగారం వస్తుందో మీరే అంచనా వేయండి. మొదటి రాత్రి మహర్ మాఫీ చేయించుకునే అలవాటు ఇంకా కొన్ని ఇళ్లలో ఉందని వింటున్నాం. వధువులకు ఒక మాట: సిగ్గుపడి మీరు వదిలేది మీ హక్కు.

తరువాత షరతుల గడి. మేము చూసిన చాలా నికాహ్‌నామాలలో అది ఖాళీగానే ఉంది. వధువు చదువు కొనసాగించాలన్నా, ఉద్యోగం చేయాలన్నా, మూడు తలాఖ్‌లు ఒకేసారి పలకనని వరుడు మాట ఇవ్వాలన్నా, కొన్ని పరిస్థితులలో తలాఖ్ అధికారం భార్యకు అప్పగించే తఫ్‌వీజ్ కావాలన్నా, ఇవన్నీ ఆ గడిలోనే రాసుకోవచ్చు. ముస్లిం పర్సనల్ లా బోర్డు 2005లో భోపాల్‌లో ఒక నమూనా నికాహ్‌నామాను విడుదల చేసింది. 2017లో షాయరా బానో కేసు నడుస్తున్నప్పుడు, వరులకు ఈ విషయమై సలహా ఇవ్వవలసిందిగా ఖాజీలకు సూచిస్తామని సుప్రీంకోర్టుకు రాతపూర్వకంగా చెప్పింది కూడా. ఆ సూచన మన మండలాల నాయబ్ ఖాజీల వరకు వచ్చిన జాడ మాకు కనిపించలేదు. రాకపోతే మనమే అడగాలి. మన వైవాహిక చట్టంలో బయటివారి జోక్యం వద్దని సభలు పెట్టే మనం, మన చేతిలో ఉన్న ఆ ఖాళీ గడిని నింపుకోకపోవడం మాకు మింగుడు పడని విషయం.

కాగితం చేతిలో ఉన్న స్త్రీకి న్యాయస్థానం తలుపు కూడా తెరిచే ఉంది. తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులోనే 2024 జూలై 10న సుప్రీంకోర్టు, విడాకులు పొందిన ముస్లిం స్త్రీ నేర విచారణ స్మృతి 125వ సెక్షన్ కింద కూడా భరణం అడగవచ్చునని చెప్పింది. 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు, భార్య కోరే ఖులాకు భర్త అంగీకారం తప్పనిసరి కాదని తీర్పు ఇచ్చింది. పెళ్లికి ముందు ఈ మాటలెందుకని పెద్దలు కోప్పడతారు. ఇల్లు కట్టేటప్పుడు రెండు వాకిళ్లు పెట్టించుకునేది వాళ్లే.

నికాహ్ చదివేవారు ఎవరన్నది కూడా ముందే తేల్చుకోవాలి. మీ ప్రాంతానికి ప్రభుత్వం నియమించిన ఖాజీ ఎవరో, వచ్చే నాయబ్ ఆయన తరఫువారేనా కాదా అడగండి. పల్లెలో ఇమాం సాహెబు చదివించిన నికాహ్ ధర్మబద్ధమే. కాని ఆ వివరాలు ఖాజీ దఫ్తరులోని సియాహాలో ఎక్కకపోతే నాంపల్లి హజ్ హౌస్‌లోని వక్ఫ్ బోర్డు నుంచి వివాహ ధ్రువపత్రం తీసుకోవడం కష్టమవుతుంది. గల్ఫ్‌కు కుటుంబ వీసా కావాలంటే ఆ పత్రం అడుగుతారు. దీనికి తోడు 2002 చట్టం ప్రకారం అన్ని మతాల వివాహాలనూ నమోదు చేయించాలి. 2006లో సుప్రీంకోర్టు కూడా దేశమంతటా అదే ఆదేశించింది. మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో ఆ పని వలీమా జరిగిన వారంలోనే ముగించుకోండి.

పేర్ల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గాని మన వాళ్లను ఎక్కువగా తిప్పేది అదే. ఆధార్‌లో "ఎండీ", పదో తరగతి మెమోలో "మహమ్మద్", నికాహ్‌నామాలో "ముహమ్మద్". అమ్మాయి ఒక చోట "బీ", ఒక చోట "బేగం", మరొక చోట "సుల్తానా". తండ్రి ఒక చోట ఖాజా, మరొక చోట ఖ్వాజా. పెళ్లికి రెండు మూడు నెలల ముందే అన్నీ పక్కపక్కన పెట్టి, ఆధార్‌లో దిద్దుబాటు చేయించి, అదే రాతను నికాహ్‌నామాలోను, పెళ్లి కార్డులోను పెట్టించండి. తేదీ విషయంలో మరో చిక్కు ఉంది. మగ్రిబ్‌తో హిజ్రీ తేదీ మారుతుంది, ఇంగ్లీషు తేదీ మారదు. రాత్రి నికాహ్‌కు హిజ్రీ తేదీ చూసి ఇంగ్లీషు తేదీని కూడా ఒక రోజు ముందుకు జరిపి రాసిన పత్రం మేము చూశాం. కార్డు మీద ఒక తేదీ, నికాహ్‌నామాలో మరొక తేదీ ఉంటే దఖలు చేసిన దరఖాస్తు వెనక్కి వస్తుంది. కార్డును తెలుగులో కూడా అచ్చు వేయించండి. పిలిచినవారు చదవగలగాలి గదా.

షాదీ ముబారక్ 2014 అక్టోబర్ 2న 51,000 రూపాయలతో మొదలై, 75,116కు, 2018లో ఇప్పటి 1,00,116కు పెరిగింది. నికాహ్ నాటికి అమ్మాయికి 18 ఏళ్లు నిండి ఉండాలి. ఇందులో రాజీ లేదు, ఉండకూడదు. తల్లిదండ్రుల ఆదాయానికి పరిమితి ఉంది. వయసు, ఆదాయ, నివాస పత్రాలు, ఆధార్, బ్యాంకు పాసుబుక్కు, పెళ్లి కార్డు, నికాహ్‌నామా జోడించి మీసేవలో ఈ-పాస్ ద్వారా దరఖాస్తు చేయాలి. తహసీల్దారు విచారణ అయ్యాక చెక్కు వస్తుంది. ఎప్పుడు వస్తుందో చెప్పలేం. దాన్ని చూపించి ఎవరి దగ్గరా అప్పు చేయవద్దు. 2023 ఎన్నికల వేళ వినిపించిన తులం బంగారం మాటను నమ్మి నగల లెక్క వేసుకోవడం అంతకంటే ప్రమాదం. చెక్కు ఇప్పిస్తామని చుట్టూ తిరిగే దళారులకు ఒక్క రూపాయి ఇవ్వనవసరం లేదు. వచ్చిన సొమ్మును విందు బాకీకి కాక అమ్మాయి పేర బ్యాంకులో వేయగలిగిన ఇల్లు ఈ పథకం అసలు ఉద్దేశాన్ని అర్థం చేసుకున్నట్టు.

దగ్గరి సంబంధాలు చేసుకునేవారు పెళ్లికి ముందు తలసీమియా రక్తపరీక్ష చేయించుకోవాలి. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోను నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుంది. పరీక్ష చేయించుకున్నంత మాత్రాన సంబంధం తప్పిపోదు, తెలిసి నడుచుకోవడానికి వీలవుతుంది.

నికాహ్ ముగిశాక ఖర్జూరాలు పంచేలోగా ఒక పని మిగిలి ఉంటుంది. నికాహ్‌నామా ప్రతులలో వధువుకు చెందవలసిన ప్రతిని చాలా ఇళ్లలో ఆమె మామగారో అన్నగారో జేబులో పెట్టుకుంటారు. రుఖ్సతీకి ముందే ఆ ప్రతిని ఆమె చేతికి ఇవ్వండి. దాని ఫోటో ఒకటి ఆమె ఫోనులోను, ఒకటి ఆమె తల్లి ఫోనులోను ఉండాలి.