పుట్టుక వివరాలు ఎవరి కోసం దాస్తున్నాం?

‘మీ ఇంట్లో ఎవరికైనా షుగర్, బీపీ, గుండెజబ్బు ఉన్నాయా?’

మా ఓపీలో రోజుకు ఎన్నిసార్లు అడుగుతామో లెక్కలేదు. మీరూ ఏదో ఒక ఆసుపత్రిలో దీనికి జవాబు చెప్పే ఉంటారు. ‘నాన్నగారికి షుగర్ అండీ, అమ్మకు ఏమీ లేదు’ అంటారు. మేం కేస్‌షీట్‌లో రాసుకుంటాం. ఆ ఒక్క లైను చూసే కొన్ని పరీక్షలు రాస్తాం, కొన్ని ఇప్పుడే అక్కర్లేదంటాం.

ఆ జవాబు చెబుతున్న అబ్బాయి దత్తత వచ్చినవాడనుకోండి. ఆ సంగతి అతనికి తెలియదు. పక్కన కూర్చున్న అమ్మానాన్నలకు తెలుసు, కానీ నోరు మెదపరు. ‘తెలియదు’ అని చెప్పి ఉంటే మేం జాగ్రత్తపడి ఉండేవాళ్లం. ‘ఎవరికీ గుండెజబ్బు లేదు’ అన్నాడు కాబట్టి ధైర్యం చెప్పి పంపించేస్తాం. వైద్యంలో సమాచారం లేకపోవడం కన్నా, నిజమనుకునే తప్పు సమాచారం ఎక్కువ కీడు చేస్తుంది.

తండ్రికో అన్నకో 55 ఏళ్లలోపు, తల్లికో అక్కకో 65 ఏళ్లలోపు గుండెపోటు వచ్చి ఉంటే కొలెస్ట్రాల్ విషయంలో మా లెక్క మారిపోతుంది. తల్లికి గానీ తోడబుట్టిన ఆమెకు గానీ రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే ఆ స్త్రీకి ముప్పు దాదాపు రెట్టింపు. భార్యాభర్తలిద్దరూ తలసీమియా వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఆ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. వీటిలో ఏదీ పెంచిన వాళ్ల వంశం చూసి చెప్పగలిగేది కాదు.

కిడ్నీ మార్పిడి దగ్గర ఈ గుట్టు ఇంకా కఠినంగా బయటపడుతుంది. తండ్రికి కొడుకు కిడ్నీ ఇస్తానని ముందుకొస్తాడు. హెచ్‌ఎల్‌ఏ పరీక్ష చేస్తారు. కన్నబిడ్డకు సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి రావాలి. ఆ సగం కలవకపోతే ఇరవై ఏళ్లు ఇంట్లో ఎవరూ చెప్పని మాట ఒక ల్యాబ్ రిపోర్టు చెబుతుంది. అదీ తండ్రి డయాలసిస్‌లో ఉన్న సమయంలో!

మన ఇళ్లలో దత్తత కొత్తేమీ కాదు. పిల్లల్లేని అక్కకు చెల్లెలు తన రెండో బిడ్డను ఇవ్వడం, పెదనాన్న దగ్గర పెరగడం చూస్తూనే ఉన్నాం. ఊరందరికీ తెలుసు, ఆ బిడ్డకు తప్ప. చివరికి పెళ్లి చూపులప్పుడో, ఆస్తి గొడవలోనో ఎవరో ఒక బంధువు బయటపెడతాడు. ఇలాంటి ఇళ్లలో చట్టం అవసరం కూడా లేదు. కన్నతల్లి పక్క వీధిలోనే ఉంటుంది. ఆమెకు థైరాయిడ్ ఉందో లేదో బిడ్డకు చెప్పడానికి అడ్డం మన మొహమాటమే.

సంస్థల ద్వారా జరిగిన దత్తతల సంగతి వేరు. 1984లో లక్ష్మీకాంత్ పాండే కేసులోనే సుప్రీంకోర్టు ఈ ప్రశ్నను ముట్టుకుంది. బిడ్డ ఎదిగి పరిణతి వచ్చాక కన్నవాళ్ల గురించి తెలుసుకోవాలనుకుంటే చెప్పడానికి పెద్దగా అభ్యంతరం ఉండకపోవచ్చంది. అయితే చెప్పడం, మానడం పెంచిన తల్లిదండ్రుల విచక్షణకు వదిలింది. మన దేశం 2003లో ఆమోదించిన హేగ్ ఒప్పందం ప్రకారం బిడ్డ మూలాల సమాచారాన్ని, కన్నవాళ్ల వైద్య చరిత్రతో సహా, ప్రభుత్వాలు భద్రపరచాలి. ఇప్పుడు అమల్లో ఉన్న 2022 దత్తత నిబంధనల్లో ‘రూట్ సెర్చ్’ అనే వెసులుబాటు ఉంది. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు సొంతంగా, అంతకన్నా చిన్నవాళ్లు తల్లిదండ్రులతో కలిసి అడగవచ్చు. అయితే బిడ్డను అప్పగించేటప్పుడు కన్నతల్లి తన పేరు చెప్పవద్దని కోరి ఉంటే ఆమె అనుమతి కావాలి. ఆమె వద్దన్నా, దొరకకపోయినా, ఏ పరిస్థితుల్లో బిడ్డను వదులుకోవాల్సి వచ్చిందో మాత్రం చెబుతారు.

ఇంగ్లండ్ 1975 చట్టంతోనే పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకు అసలు జనన ధ్రువపత్రం చూసే హక్కు ఇచ్చింది. న్యూయార్క్ రాష్ట్రం 2020 దాకా ఆగింది. మనమేమో సగం తలుపు తీసి నిలబడ్డాం.

ఆ తలుపు లోపల ఉన్న కాగితాలైనా నమ్మదగినవేనా అంటే, మన హైదరాబాద్ చరిత్ర అంత గొప్పగా లేదు. 1999లో, మళ్లీ 2001లో లంబాడా తండాల నుంచి ఆడశిశువులను డబ్బిచ్చి తెచ్చి దత్తతకు పంపుతున్నారన్న కేసులు రాష్ట్రాన్ని కుదిపేశాయి. సంస్థల నుంచి పిల్లల్ని స్వాధీనం చేసుకుని, అమీర్‌పేట దాటగానే వచ్చే ప్రభుత్వ శిశువిహార్‌కు తరలించారు. అప్పటికే విదేశాలకు వెళ్లినవాళ్లు ఉన్నారు. 2008 మార్చిలో శంషాబాద్ తెరిచేదాకా ఈ ఊరి నుంచి విమానం ఎక్కినవాళ్లంతా మన బేగంపేట ఎయిర్‌పోర్ట్ మీదుగా వెళ్లినవాళ్లే. చంకలో పాపతో ఆ గేటు దాటిన వాళ్ల ఫైళ్లలో తల్లి పేరు, వేలిముద్ర ఎంతవరకు నిజమో ఎవరు చెబుతారు? 2025 జూలైలో సికింద్రాబాద్‌లో బయటపడిన సరొగసీ కేసు కూడా అదే కదా. బిడ్డ తమదేనని నమ్మిన దంపతులకు డీఎన్‌ఏ పరీక్షలో కాదని తేలింది.

‘మరి ఆ కన్నతల్లి మాటేమిటి డాక్టర్?’ అని మీరు అడగాలి. తప్పక అడగాలి. పెళ్లికాకుండా గర్భం వచ్చి, ఎవరికీ తెలియకుండా కని, ఇప్పుడు వేరే సంసారంలో ఉన్న మనిషి ఆమె. ఒకరోజు గుమ్మంలో ఒక యువకుడు నిలబడితే ఆమె బతుకు ఏమవుతుంది? ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసేయలేను. అందుకే ఆమె పేరు, చిరునామా ఆమె ఒప్పుకుంటేనే ఇవ్వాలన్న నియమంతో నాకు పేచీ లేదు. కానీ ఆమె తండ్రి నలభై ఏళ్లకే గుండెపోటుతో పోయాడన్న విషయంలో ఆమె గుర్తింపు ఏముంది? పేరు దాచి జబ్బు చెప్పవచ్చు. తల్లి నిరాకరించినా తప్పక ఇవ్వాల్సిన సమాచారంలో ఆరోగ్య చరిత్రను స్పష్టంగా చేర్చాలన్నదే నా వాదన.

దత్తత తీసుకున్న తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లలకు మూడు నాలుగేళ్ల నుంచే కథలా చెప్పండి. పద్దెనిమిదో ఏట కూర్చోబెట్టి చెబితే అది వార్త అవుతుంది. మీ దగ్గరున్న సంస్థ కాగితాలు, అప్పటి వైద్య నివేదిక ఒక కవర్లో పెట్టి ఉంచండి. దత్తత వచ్చానని తెలిసిన పెద్దవాళ్లైతే, డాక్టర్ అడిగినప్పుడు సంకోచం లేకుండా ‘కుటుంబ చరిత్ర తెలియదు’ అనండి. ముప్పై దాటగానే షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ చూపించుకోండి. పెళ్లికి ముందో, గర్భానికి ముందో తలసీమియా కోసం హెచ్‌బీఏ2 పరీక్ష చేయించుకోండి. రూట్ సెర్చ్ కోసం దత్తత ఇచ్చిన సంస్థను గానీ, జిల్లా బాలల పరిరక్షణ విభాగాన్ని గానీ మీరే అడగాలి. మీ తరఫున మూడో వ్యక్తి వెతకడానికి నిబంధనలు ఒప్పుకోవు కాబట్టి, డబ్బు తీసుకుని వెతికిపెడతామనే వాళ్లను నమ్మకండి.

ఇక మా వైపు పని. 2002 నాటి వైద్య మండలి నిబంధన ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డు మూడేళ్లు ఉంచితే చాలు. బిడ్డకు అడిగే హక్కు వచ్చేది పద్దెనిమిదో ఏట. దత్తతకు వెళ్లే బిడ్డ ప్రసవ రికార్డును ఈ లెక్క నుంచి తీసేసి, శాశ్వతంగా భద్రపరచాలి. బిడ్డ బరువు, రక్తపరీక్షలు రాసే రోజే తల్లిని కూర్చోబెట్టి, మీ వాళ్లలో ఎవరికి ఏ జబ్బు ఉందమ్మా అని అడిగి ఒక పేజీ రాసుకోవాలి. ఆమె ఇంకా వార్డులో ఉండగానే అడగాలి. నెల తర్వాత ఆమె ఎక్కడుంటుందో ఎవరికీ తెలియదు.