గాలికి బిల్లు లేదు... కానీ!

1926 మే నెల. న్యూయార్క్ రేవులోకి వింత ఓడొకటి వచ్చింది. దానిమీద తెరచాపలు లేవు. వాటి స్థానంలో రెండు పెద్ద గొట్టాలు నిటారుగా నిలబడి ఉన్నాయి. పొగగొట్టాలా అంటే పొగ రావడం లేదు. పైగా అవి గిరగిరా తిరుగుతున్నాయి! ఆ తిరిగే గొట్టాల సాయంతోనే ఓడ అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటి వచ్చింది.

ఓడ పేరు 'బాడెన్-బాడెన్'. గొట్టాల ఆలోచన జర్మన్ ఇంజినీరు ఆంటన్ ఫ్లెట్నర్‌ది. 'బుకావ్' అనే ఓడకి 1924లో తెరచాపలు పీకేసి, సుమారు 15 మీటర్ల ఎత్తున్న గొట్టాలు బిగించాడాయన. తర్వాత ఆ ఓడకే పేరు మార్చారు. అది జరిగి వందేళ్లయింది. ఇప్పుడు అలాంటి గొట్టాలే మళ్లీ సరుకు ఓడలమీద కనిపిస్తున్నాయి. మరి మధ్యలో ఇన్నాళ్లూ ఏమైపోయాయి?

స్పిన్ బంతి సూత్రం

ముందు అవి ఓడనెలా నడుపుతాయో చూద్దాం. క్రికెట్‌లో స్పిన్నర్ బంతిని గట్టిగా తిప్పి వదిలితే అది నేలమీద పడకముందే గాల్లో కాస్త పక్కకి జరుగుతుంది. ఫుట్‌బాల్‌లో ఫ్రీకిక్ కొడితే బంతి వంపు తిరిగి, అడ్డంగా నిలబడ్డ ఆటగాళ్లను తప్పించుకుని గోల్‌లోకి దూరుతుంది. దీని వెనకున్న రహస్యాన్ని 1852లో జర్మన్ శాస్త్రవేత్త హైన్రిష్ మాగ్నస్ ప్రయోగాలు చేసి వివరించాడు. అందుకే దీన్ని మాగ్నస్ ఎఫెక్ట్ అంటారు.

ఓడమీద గొట్టం తిరుగుతోంది. పక్కనుంచి గాలి వీస్తోంది. గొట్టానికి ఒకవైపు గాలి, గొట్టం ఉపరితలం ఒకే దిశలో కదులుతాయి. అక్కడ గాలి వేగం పెరిగి ఒత్తిడి తగ్గుతుంది. రెండోవైపు గాలికి గొట్టం ఎదురు తిరుగుతుంది. అక్కడ గాలి వేగం తగ్గి ఒత్తిడి పెరుగుతుంది. దాంతో ఒత్తిడి తక్కువగా ఉన్న వైపుకి గొట్టాన్ని గాలి నెడుతుంది. ఆ వైపు ఓడ ముందుభాగం ఉండేలా గొట్టాన్ని తిప్పితే చాలు, పక్కనుంచి వచ్చిన గాలి ఓడను ముందుకి తోస్తుంది! గాలి అటువైపు నుంచి వస్తే గొట్టాన్ని ఇటువైపు తిప్పాలి, అంతే. తిప్పడానికి మోటారు కావాలిగానీ గాలి బాగా ఉన్నప్పుడు దానికయ్యే కరెంటుకంటే వచ్చే లాభం చాలా ఎక్కువ. తిన్నగా ఎదురుగాలి వీస్తే మాత్రం ఈ విద్య పనిచేయదు.

చవక చమురు దెబ్బ

ఫ్లెట్నర్ ఓడ పనిచేసింది. అయినా నిలబడలేదు. అప్పట్లో చమురు చవక. డీజిల్ ఇంజిన్ ఉండగా గాలికోసం ఎదురుచూడటం ఎందుకనుకున్నారు ఓడల యజమానులు. గొట్టాలు తీసేశారు. 1931లో కరీబియన్ సముద్రంలో తుపానుకి చిక్కి ఆ ఓడే పోయింది.

1970ల్లో చమురు ధరలు భగ్గుమన్నాయి. వెంటనే అందరికీ గాలి గుర్తొచ్చింది. 1980లో జపాన్ 'షిన్ ఐతోకు మారు' అనే ట్యాంకర్‌ని కంప్యూటరుతో నడిచే తెరచాపలతో నీళ్లలోకి దింపింది. కొన్నేళ్లకి చమురు ధర దిగొచ్చింది. గాలి మళ్లీ మరుగున పడింది.

మూడోసారి...

ఈసారి కారణం ధర ఒక్కటే కాదు. ప్రపంచ వ్యాపారంలో 80 శాతానికి పైగా సరుకు ఓడలమీదే వెళ్తుంది. మనిషి వల్ల వెలువడే కార్బన్ ఉద్గారాల్లో దాదాపు మూడు శాతం ఓడలవే. ఒక్క టన్ను ఓడ ఇంధనం మండితే మూడు టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది.

అందుకే 2018లో 'మేర్స్క్ పెలికన్' అనే పెద్ద ట్యాంకర్‌కి 30 మీటర్ల గొట్టాలు రెండు బిగించి ఏడాదిపాటు లెక్కలు తీశారు. ఇంధనం 8.2 శాతం ఆదా అయింది. 2023 ఆగస్టులో 'పిక్సిస్ ఓషన్' మరో పద్ధతిలో బయల్దేరింది. దానికి 37.5 మీటర్ల ఎత్తున రెండు గట్టి రెక్కలున్నాయి. విమానం రెక్కని నిలువుగా పాతినట్టుంటాయి. రేవుకి వచ్చినప్పుడు మడిచి పడుకోబెట్టేయొచ్చు. తొలి ఆరునెలల్లో ఆ ఓడ రోజుకి సగటున మూడు టన్నుల ఇంధనం మిగిల్చింది. గాలి బాగా కలిసొచ్చిన రోజున 11 టన్నులు!

అద్దె ఇంటి లెక్క

మరి అన్ని ఓడలకీ ఎందుకు పెట్టరు? కంటైనర్ ఓడలకైతే పైభాగమంతా పెట్టెలే, చోటుండదు. చమురు, ధాన్యం, ఖనిజం మోసే ఓడల్లో చోటుంది. చిక్కల్లా డబ్బు దగ్గరే.

అద్దె ఇంటినే తీసుకోండి. మేడమీద సోలార్ హీటర్ పెట్టిస్తే కరెంటు బిల్లు తగ్గేది అద్దెకున్నవాళ్లకి. అలాంటప్పుడు ఇంటాయన చేతి డబ్బెందుకు పెడతాడు? పోనీ అద్దెకున్నవాళ్లు పెడదామంటే, రెండేళ్లకో మూడేళ్లకో ఇల్లు మారేవాళ్లాయె. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. హీటర్ మాత్రం రాదు.

ఓడలదీ అదే కథ. చాలా ఓడలు అద్దెకి తిరిగేవే. ఏడాదికింతని అద్దెకి తీసుకున్నప్పుడు ఇంధనం ఖర్చు అద్దెదారుదే. గొట్టాలో రెక్కలో పెట్టాల్సింది యజమాని. పిక్సిస్ ఓషన్ విషయంలో యజమాని మిత్సుబిషి, అద్దెదారు కార్గిల్ చేతులు కలిపాయి కాబట్టే రెక్కలు లేచాయి. అలా కలిసేవాళ్లు తక్కువ. ప్రపంచంలో ఓడలు లక్ష దాటితే, గాలి సాయం తీసుకునే పెద్ద సరుకు ఓడల్ని ఇంకా పదుల్లోనే లెక్కపెడుతున్నారు.

పొగకి వెల కడితే ఈ లెక్క మారుతుంది. ఓడల వ్యవహారాలు చూసే ఐక్యరాజ్యసమితి సంస్థ ఐఎంవో, 2050 నాటికి ఉద్గారాలను నికరంగా సున్నాకి తేవాలని 2023లో లక్ష్యం పెట్టుకుంది. పరిమితి దాటిన పొగకి సొమ్ము కట్టించే నిబంధనల ముసాయిదాకి 2025 ఏప్రిల్‌లో ఆమోదం దొరికింది. అక్టోబరులో తుది నిర్ణయం దగ్గరికి వచ్చేసరికి దేశాల మధ్య పేచీ వచ్చి, వ్యవహారం ఏడాది వాయిదా పడింది.

గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకోవాలన్నారు పెద్దలు. సముద్రంమీద గాలికి ఏనాడూ కొదవలేదు. ఫ్లెట్నర్ రోజుల్లోనూ ఉంది, 1980లోనూ ఉంది. రెండుసార్లూ చేట పట్టుకున్నవాళ్లే చమురు చవగ్గా దొరికిందని దాన్ని పక్కన పడేశారు. మూడోసారైనా చివరిదాకా చెరుగుతారా అన్నదే చూడాలి.