మాల తీసిన మర్నాడు

మా సందు చివర సిమెంటు కొట్టు నడిపే ఒకాయన ఏటా కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుంటాడు. ఆ నలభై ఒక్క రోజులూ ఆ కొట్టు గొంతే మారిపోతుంది. మందు ముట్టడు, సిగరెట్టు ముట్టడు. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, రాత్రి చాప మీద పడక. మూటలు మోసే కుర్రాళ్లని మిగతా ఏడాదంతా ‘ఒరేయ్’ అనే మనిషి ‘స్వామీ, ఆ మూట ఇటు దించండి’ అంటాడు. కూలి డబ్బులు చీకటి పడకముందే లెక్కపెట్టి చేతిలో పెడతాడు. శబరిమల వెళ్లొచ్చి మాల తీసిన సాయంత్రం స్కూటరు బారు ముందు ఆగుతుంది. మర్నాడు పొద్దున్నే మళ్లీ ‘ఒరేయ్’. ‘ఏడాదంతా ఆ మాల మెళ్లోనే ఉంటే నాకు వేరే దేవుడితో పనుండదండీ’ అంది వాళ్లావిడ ఒకసారి. నవ్వుతూనే అంది.

మతం లేకపోతే మనుషులు మంచిగా బతుకుతారా అని ఎవరడిగినా నాకు ఆ మాలే గుర్తొస్తుంది. స్వామి భయం మనిషిని ఎలా మార్చేసిందో చూడమంటారు భక్తులు. చూశాను. నలభై ఒక్క రోజులు మానగలిగినవాడికి నలభై రెండో రోజు మానడం చేతకాక కాదు. అయ్యప్ప ఆ రోజు నుంచి కళ్లు మూసుకున్నాడా అంటే అదీ కాదు. దేవుడు ఏడాది పొడుగునా చూస్తూనే ఉంటాడని ఆయన గట్టిగా నమ్ముతాడు. అయినా బారు ముందు స్కూటరు ఆగకుండా చూసినవి ఆ మాలతో వేసుకునే నల్లబట్టలు. ఆ బట్టల్లో బారు మెట్లెక్కితే రేపటికల్లా ఊరంతా తెలుస్తుంది. పక్కన గురుస్వామి ఉంటాడు, సాయంత్రం భజన ఉంటుంది, పదిమందితో కూర్చుని తినే భిక్ష ఉంటుంది. కాపలా కాసిన కళ్లూ, తోడుగా నిలిచిన చేతులూ మనుషులవే.

పాపభీతి పోతే లోకం ఏమైపోతుందని బెంగపడేవాళ్లను, రేపు దేవుడు లేడని తేలితే మీరు పక్కింటావిడ మెళ్లో గొలుసు తెంపుతారా అని అడిగి చూడండి. కోపం వస్తుంది. ఆ కోపమే నా జవాబు. పైగా పాపానికి భయపడటం నేర్పిన చోటే దాన్ని కడిగేసుకునే రేటు కూడా చెబుతారు. కల్తీ నూనె అమ్మేవాడు కూడా వెంకన్నకు ముడుపు కడతాడు.

మాల లేకుండా ఏడాదంతా అలా బతికినవాళ్లను వెతుక్కుంటూ దూరం వెళ్లక్కర్లేదు. కాకినాడ పిఠాపురం రాజా కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే గోరాను నాస్తికుడన్న కారణంతో 1933లో ఉద్యోగం నుంచి తీసేశారు. 1940లో ఆయనా, భార్య సరస్వతీ కృష్ణాజిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. 1947లో దాన్ని విజయవాడ పటమటకు మార్చారు. ముదునూరులో వాళ్లు దేవుడు లేడని చెప్పి ఊరుకోలేదు. పెద్దవాళ్లకు అక్షరాలు దిద్దించారు, అన్ని కులాలనూ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి భోజనాలు పెట్టించారు. సహపంక్తి భోజనం ఇవాళ నాయకులకు ఒక ఫొటో. ఆ రోజుల్లో అలా కూర్చుంటే ఇంటికి వెలి.

గోరా పెద్దకూతురు మనోరమకూ, దళిత యువకుడు అర్జునరావుకూ పెళ్లి అనుకున్నప్పుడు సేవాగ్రామ్‌లో తానే జరిపిస్తానన్నాడు గాంధీ. నాస్తికుల పెళ్లి కాబట్టి ప్రమాణంలో దేవుడి పేరున అనే చోట సత్యం పేరున అందామని సర్దుబాటు కూడా ఆయనే చెప్పాడు. అంతలో 1948 జనవరి 30 వచ్చింది. ప్రార్థనకు నడిచి వెళ్తున్న ముసలాయన్ని కాల్చినవాడు నాస్తికుడు కాడని ఇక్కడ ఒక మాట అనుకోవాలి. మార్చి 13న, గాంధీ లేకుండానే, ఆ పెళ్లి సేవాగ్రామ్‌లో జరిగింది.

గాంధీకి దేవుడు లేనిదే పూట గడవదు, గోరాకు దేవుడితో పని లేదు. అంటరానితనం విషయంలో మాత్రం ఇద్దరూ ఒకే వైపు నిలబడ్డారు. గుడి తలుపు మూసి అవతలి వైపు నిలబడ్డవాళ్లు కూడా నిష్ఠగా సంధ్య వార్చేవాళ్లే. నిజామాబాద్ ప్రాంతంలో దళిత ఆడపిల్లను దేవతకు ఇచ్చామని చెప్పి ఊరి మగాళ్లకు వదిలేసిన జోగిని ఆచారమూ భక్తి పేరుతోనే నడిచింది. ఆ ఆడవాళ్ల మధ్య ఏళ్ల తరబడి పనిచేసినామె గోరా కోడలు, కవి జాషువా కూతురు హేమలతా లవణం. 1988లో ఆ ఆచారాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది.

ఇంత మాట్లాడే మాలాంటివాళ్ల ఇంట్లో ఒక లోటు ఉంది. మా నాన్న పోయినప్పుడు కర్మకాండ వద్దన్నాను. దాని గురించి ఇప్పటికీ పశ్చాత్తాపం లేదు. కానీ మూడోరోజు పొద్దున ఏం చేయాలో మాలో ఎవరికీ తెలియలేదు. పిండాలు పెట్టే ఇంట్లో అయితే ఎవరెప్పుడు రావాలో, ఎక్కడ కూర్చోవాలో, ఎన్నాళ్లు ఏడవాలో కూడా ఒక పద్ధతి ఉంటుంది. మా ఇంట్లో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. కార్యం లేదన్నారుగా అని చుట్టాలు రెండోరోజే బస్సెక్కేశారు. మేం మంత్రాలను తీసేశాం గానీ ఆ పన్నెండు రోజుల్లో ఇంటి నిండా ఉండాల్సిన మనుషులను ఎలా రప్పించాలో ఆలోచించలేదు. హేతువాద సభల్లో దీని గురించి మాట్లాడగా నేను వినలేదు. జాతకాల మీద వంద ఉపన్యాసాలు విన్నాను.

చావింట పొయ్యి వెలిగించకూడదన్న నియమం నేను ఒప్పుకోను. కానీ అమ్మకు లేచి వెలిగించే ఓపిక లేకపోయింది. మూడోరోజు తొమ్మిది గంటలకు గేటు చప్పుడైంది. సిమెంటు కొట్టాయన. చేతిలో నాలుగు గిన్నెల క్యారియరు. అడుగున ఇడ్లీలు, పైన చారు. కర్మ చేయడం లేదట కదా అని నన్ను ఒక్క మాట అడగలేదు. ‘అమ్మగారు తినేదాకా నేనిక్కడే కూర్చుంటా’ అన్నాడు. దగ్గరకు వస్తే రాత్రి తాగిన వాసన ఇంకా వస్తోంది. అలా వరసగా తొమ్మిది రోజులు తెచ్చాడు.

అది మే నెల. ఆయన మెళ్లో మాల లేదు.