ప్రతి సామాజిక ఆరోగ్య కేంద్రానికీ ఒక ఫిజియోథెరపిస్టు: నియామకం ఎలా జరగాలి?

పక్షవాతం వచ్చిన మనిషిని ప్రాణాలతో ఇంటికి పంపితే వైద్యం సగమే పూర్తయినట్టు. పడిపోయిన చేయి లేవాలన్నా, మనిషి తనంతట తాను నాలుగడుగులు వేయాలన్నా మిగతా సగం కూడా జరగాలి. అది ఫిజియోథెరపిస్టు చేయవలసిన పని. పక్షవాతం నుంచి కోలుకునే అవకాశం మొదటి మూడు నెలల్లోనే ఎక్కువ. ఆ రోజుల్లో సరైన వ్యాయామం అందకపోతే కీళ్లు బిగుసుకుపోతాయి, భుజం జారి నొప్పి పెడుతుంది, కదలలేనివారికి వీపు కింద పుండ్లు పడతాయి. ఆ గడువు దాటాక ఎంత ఖర్చు పెట్టినా పోయినదంతా తిరిగి రాదు.

ఈ సేవ అవసరమైనవారు పక్షవాత రోగులు మాత్రమే కాదు. తాటిచెట్టు మీది నుంచి పడి వెన్నుపూస దెబ్బతిన్న గీత కార్మికులు, సెరిబ్రల్ పాల్సీతో పుట్టిన పిల్లలు, మోకాలి మార్పిడి చేయించుకున్న పెద్దవారు, కాలిన గాయాలు మానాక చర్మం ముడుచుకుపోయి చేయి చాపలేని స్త్రీలు కూడా ఉన్నారు. విరిగిన ఎముకకు ఆస్పత్రిలో సిమెంటు పట్టీ వేసినా, పుత్తూరు కట్టు కట్టించుకున్నా, కట్టు విప్పాక మోచేయి వంగేలా చేయడం మరో పని. ఆ పని తెలిసినవారు దగ్గర్లో లేకపోవడం వల్లే ఎముక అతికినా చేయి పనికిరాకుండా మిగిలిపోతుంది.

సేవ దూరమైతే వైద్యం మధ్యలో ఆగుతుంది

ఫిజియోథెరపీ ఒక్కరోజు వైద్యం కాదు. వారానికి నాలుగైదు సార్లు, కొన్ని నెలల పాటు సాగాలి. పాడేరు ఏజెన్సీలోని గూడెం నుంచి విశాఖ కేజీహెచ్‌కు గానీ, నల్లమల పల్లె నుంచి హైదరాబాద్ నిమ్స్‌కు గానీ ఒక రోగి అన్నిసార్లు రావడం కుదరదు. వెంట వచ్చేవారికి కూలి పోతుంది, ఆటోకూ బస్సుకూ డబ్బు కావాలి. చాలా కుటుంబాలు ఒకటి రెండు వారాలకే మానేస్తాయి. కనుక ఈ సేవ ఉండవలసిన చోటు సామాజిక ఆరోగ్య కేంద్రం. జాతీయ ప్రమాణాల ప్రకారం మైదాన ప్రాంతంలో 1,20,000 మందికి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 80,000 మందికి 30 పడకల కేంద్రం ఒకటి ఉండాలి. అక్కడ ఒక ఫిజియోథెరపిస్టు ఉంటే రోగి పొద్దున వచ్చి మధ్యాహ్నానికి ఇల్లు చేరతాడు.

ప్రభుత్వాలకు ఇది కొత్త బాధ్యతేమీ కాదు. 21 రకాల వైకల్యాలను గుర్తించిన 2016 దివ్యాంగుల హక్కుల చట్టం, ముఖ్యంగా గ్రామీణ ప్రాంతాల్లో, ఇంటికి దగ్గరలోనే, ప్రభుత్వం నిర్ణయించే కుటుంబ ఆదాయ పరిమితికి లోబడి దివ్యాంగులకు ఉచిత వైద్యం అందించాలని చెబుతోంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాకొక సత్వర చికిత్సా కేంద్రం, అందులో ఫిజియోథెరపిస్టు ఉండాలి. ప్రత్యేక అవసరాలున్న బడి పిల్లల కోసం మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. వృద్ధుల కోసం మరో జాతీయ కార్యక్రమం ఉంది. ఇవన్నీ వేరువేరు పథకాలు. ఒక్కో పథకం తన అవసరానికి ఒకరిని తాత్కాలికంగా తీసుకుంటే, నిధులు ఆగిన రోజే సేవ కూడా ఆగిపోతుంది. వీటన్నిటికీ ఆధారంగా నిలిచే ఒక శాశ్వత పోస్టు ప్రతి కేంద్రంలోనూ ఉండాలి.

అర్హత

ఫిజియోథెరపీ డిగ్రీ అయిన బీపీటీ నాలుగున్నరేళ్ల చదువుగా సాగుతూ వచ్చింది. అందులో ఆరు నెలలు ఇంటర్న్‌షిప్. తిరుపతి స్విమ్స్‌లోనూ, హైదరాబాద్ నిమ్స్‌లోనూ, అనేక ప్రైవేటు కళాశాలల్లోనూ ఈ కోర్సు ఉంది. ఏటా కొత్త పట్టభద్రులు బయటికి వస్తున్నారు. పల్లెల్లో వారు కనిపించడం లేదంటే అందుకు ముఖ్యమైన కారణం అక్కడ స్థిరమైన ఉద్యోగం లేకపోవడమే.

మసాజ్ నేర్చినవారిని, యంత్రం తీగలు తగిలించడం మాత్రమే తెలిసిన సహాయకులను ఈ పోస్టులో పెట్టడం ప్రమాదం. విరిగిన ఎముకను గానీ, వెన్నులో గడ్డను గానీ కండరాల నొప్పిగా పొరబడి గట్టిగా వంచితే కాళ్లు చచ్చుబడవచ్చు. ఎవరికి వ్యాయామం చేయించాలో, ఎవరిని వెంటనే డాక్టరు దగ్గరకు పంపాలో తెలిసినవారే ఇక్కడ ఉండాలి. 2021లో పార్లమెంటు ఆమోదించిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం రాష్ట్ర మండళ్లకు, వృత్తి రిజిస్టర్లకు వీలు కల్పించింది. పట్టా, ఇంటర్న్‌షిప్ పత్రం, రిజిస్ట్రేషన్ ఈ మూడింటినీ విశ్వవిద్యాలయంతోనూ మండలితోనూ సరిచూసుకున్నాకే నియామక ఉత్తర్వు ఇవ్వాలి.

ప్రకటన

పోస్టు ఏ ఊళ్లో, జీతమెంత, రిజర్వేషన్ రోస్టరు ప్రకారం ఎవరికి ఎన్ని, దివ్యాంగులకు చట్టం చెప్పిన 4 శాతం ఏ పోస్టుల్లో అనేవన్నీ ప్రకటనలోనే ఉండాలి. విధులు కూడా విడిగా రాయాలి: కేంద్రంలో చికిత్స, వారంలో ఒకటి రెండు రోజులు ఆశా కార్యకర్తతో ఇంటి సందర్శనలు, భవిత కేంద్రంలో పిల్లల పరీక్ష. ఏటా ఒకే నెలలో ప్రకటన వెలువడితే అభ్యర్థులు ముందుగా సిద్ధం కాగలరు, ఖాళీలు ఏళ్ల తరబడి పేరుకుపోవు.

ఎంపిక

కాంట్రాక్టు నియామకాల్లో డిగ్రీ మార్కులు, పాసై గడిచిన ఏళ్లు, గత సేవ కలిపి మెరిట్ జాబితా తయారుచేయడం అలవాటుగా వస్తోంది. ఈ పద్ధతి త్వరగా ముగుస్తుంది, కానీ అభ్యర్థి చేతి పని గురించి ఏమీ చెప్పదు. ఫిజియోథెరపీ చేతులతో చేసే వైద్యం. కండరం ఎంత బలంగా ఉందో పట్టుకుని చూసి 0 నుంచి 5 వరకు అంచనా కట్టడం, గోనియోమీటరుతో కీలు ఎంత వంగుతోందో కొలవడం, పక్షవాత రోగిని అతని భుజం లాగకుండా మంచం మీది నుంచి కుర్చీలోకి మార్చడం వంటివి కాగితం మీద తేలవు.

అందుకే రాత పరీక్షకు 50 మార్కులు, ప్రాక్టికల్‌కు 40, గ్రామీణ లేదా గిరిజన ప్రాంత సేవకు 10 కేటాయించడం మేలు. ప్రాక్టికల్‌లో అందరికీ ఒకే రకమైన కేసులు ఇవ్వాలి. మార్కులు వేసే పట్టిక ముందే ఖరారు కావాలి. ఇద్దరు పరీక్షకులు విడివిడిగా మార్కులు వేయాలి, వారిలో ఒకరు బయటి జిల్లావారై ఉండాలి. మొత్తం వీడియో తీయాలి. అప్పుడు సిఫార్సుకు చోటు దొరకదు. రోగికి వ్యాయామం తెలుగులో వివరించగలరా అన్నది కూడా ఈ పరీక్షలోనే చూడాలి. ఏజెన్సీ పోస్టులకు కోయ, సవర, కువి వంటి భాషలు తెలిసినవారికి ప్రాధాన్యం ఇవ్వాలి. ఇంటి దగ్గర చేయవలసిన వ్యాయామం తన మాటలో విని అర్థం చేసుకున్న రోగే దాన్ని మానకుండా చేస్తాడు.

నిలుపుకోవడం

మంచివారిని ఎంపిక చేసి ఖాళీ గదిలో కూర్చోబెడితే ఆరు నెలల్లో వెళ్లిపోతారు. చేరే రోజుకే గాలి, వెలుతురు ఉన్న గది, పరుపులు, నడక నేర్పే సమాంతర కడ్డీలు, భుజానికి చక్రం, వ్యాక్స్ బాత్, టెన్స్ యంత్రం సిద్ధంగా ఉండాలి. వీటిలో చాలావరకు ఖరీదైనవి కావు. జీతం నెలనెలా అందాలి. మారుమూల కేంద్రాల్లో పనిచేసేవారికి క్వార్టరు, నిర్ణీత ఏళ్ల తర్వాత కోరిన చోటికి బదిలీ, పీజీ సీటులో వెయిటేజీ ఉండాలి. పదోన్నతికి దారి లేని కేడర్‌లో అనుభవజ్ఞులు నిలవరు.

పనితీరును కొలవడం కూడా కష్టం కాదు. తినడం, స్నానం, నడక వంటి పనుల్లో రోగి స్వతంత్రతను 0 నుంచి 100 వరకు లెక్కగట్టే బార్తెల్ సూచిక ఉంది. చేరినప్పుడు ఎంత, మూడు నెలలకు ఎంత అని ప్రతి రోగి పేరు ఎదుట రాస్తే ఆ కేంద్రం పని ఎవరికైనా తెలుస్తుంది.

ఖజానాకు భారమనే అభ్యంతరం వినిపిస్తుంది. శస్త్రచికిత్సకు ప్రభుత్వం డబ్బు చెల్లించాక వ్యాయామం లేక మోకాలు వంగకపోతే ఆ డబ్బు వృథా. మంచాన పడిన ఒకరిని చూసుకోవడానికి ఇంట్లో మరొకరు, ఎక్కువగా ఆడవారు, పని మానుకుంటే ఆ కుటుంబం రెండు సంపాదనలు కోల్పోతుంది. ఆ భారం ఇప్పుడు పేదలే మోస్తున్నారు. ఒక జీతం దానికంటే చాలా తక్కువ.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు చేయవలసినవి:

1. ప్రతి సామాజిక ఆరోగ్య కేంద్రానికీ ఒకటి, ప్రతి ఏరియా ఆస్పత్రికీ కనీసం రెండు రెగ్యులర్ ఫిజియోథెరపిస్టు పోస్టులు మంజూరు చేయాలి. ఏరియా ఆస్పత్రిలో ఒకరు మహిళ అయ్యేలా చూడాలి.

2. గిరిజన, మెట్ట ప్రాంతాల కేంద్రాలను మొదటి విడతలోనే భర్తీ చేయాలి.

3. ఏటా నిర్ణీత నెలలో ప్రకటన ఇచ్చి, రాత, ప్రాక్టికల్ పరీక్షలతో ఎంపిక చేసి, మార్కులన్నీ బహిరంగపరచాలి.

4. రిజిస్ట్రేషన్ సరిచూడకుండా ఎవరినీ చేర్చుకోకూడదు.

5. పరికరాలు, గది సిద్ధమయ్యాకే పోస్టింగు ఇవ్వాలి. మూడు నెలలకోసారి రోగుల పురోగతిని ఆస్పత్రి అభివృద్ధి సంఘం ముందుంచాలి.

గ్రామసభల్లో, మండల సమావేశాల్లో ఈ ఐదు అంశాలపై తీర్మానాలు చేసి కలెక్టర్లకు, శాసనసభ్యులకు అందజేయడం ప్రజల వంతు.