గడియారం చూడని ఆత్మవాదులు

ఆత్మ ఉందని నిరూపించడానికి మన ఆత్మవాదులు ఉపనిషత్తులు చాలక అమెరికా ఆపరేషన్ థియేటర్లో కూడా దూరుతుంటారు. అక్కడ వాళ్ళకు దొరికిన గట్టి సాక్ష్యం పామ్ రేనాల్డ్స్ కేసు.

1991లో ఫీనిక్స్‌లోని బారో న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్‌లో రాబర్ట్ స్పెట్జ్‌లర్ అనే సర్జన్ ఆమెకు ఆపరేషన్ చేశారు. మెదడు అడుగున రక్తనాళం బుడగలా ఉబ్బింది. దాన్ని సరిచేసేటప్పుడు అందులో రక్తం ఉండకూడదు. అందుకని శరీరాన్ని సుమారు 15.5 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరిచి, గుండె ఆపి, తలలోని రక్తాన్ని బయటికి తీశారు.

"మెదడులో రక్తం లేదు, అయినా ఆమె పైనుంచి అన్నీ చూసింది, విన్నది. అది ఆత్మ కాక మరేమిటి?" ఇదీ వారి వాదన.

నేను రక్షణ శాఖ అకౌంట్స్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. వోచరు ఎంత ముచ్చటగా ఉన్నా ముందు తేదీ చూడటం మా అలవాటు. ఇక్కడా అదే చూద్దాం. ఆమె చెప్పినవాటిలో సరిచూడదగినవి ముఖ్యంగా మూడు: పుర్రె కోసే రంపం, తొడ దగ్గర రక్తనాళాలు సన్నగా ఉన్నాయన్న మాట, చివర్లో వినిపించిన 'హోటల్ కాలిఫోర్నియా' పాట. మొదటి రెండూ గుండె ఆపడానికి రెండు గంటలకు పైగా ముందు జరిగాయి. మూడోది గుండె మళ్ళీ కొట్టుకోవడం మొదలయ్యాక, కుట్లు వేసేటప్పటిది. ఆ మూడు సమయాల్లోనూ మెదడుకు రక్తం అందుతూనే ఉంది! ఇక సొరంగం, వెలుగు, చనిపోయిన బంధువులు అంటారా? అవి రక్తం లేని నిమిషాల్లోనే కనిపించాయని చెప్పే గడియారమేదీ లేదు.

మత్తులో ఉన్నా కొందరికి కొంత మెలకువ రావడం డాక్టర్లకు తెలిసిన విషయమే. రంపం చప్పుడు పుర్రె ఎముక గుండా కూడా చెవిని చేరుతుంది. ఇందులో ఆత్మకు పనేముంది?

అసలు సంగతి వేరే ఉంది. శరీరం బరువులో 2 శాతం ఉండే మెదడు ప్రాణవాయువులో 20 శాతం వాడుకుంటుంది. మామూలు ఉష్ణోగ్రతలో రక్తం ఆగితే పది సెకన్లలో స్పృహ పోతుంది, కొద్ది నిమిషాల్లో మెదడు చెడిపోతుంది. అందుకే ఆమె చెవుల్లో చిన్న స్పీకర్లు పెట్టి, ఆ టిక్కుటిక్కులకు బ్రెయిన్ స్టెమ్ స్పందిస్తోందా లేదా అని తెరమీద కనిపెట్టి చూశారు. మెడ రక్తనాళాల ఆపరేషన్లలో మెదడుకు రక్తం ఎంత వేగంగా పోతోందో బయటినుంచే చూపించే డాప్లర్ పద్ధతిని 1982లో రూనె ఆస్లిడ్ బృందం ప్రకటించింది.

మెదడు లేకుండానే మనసు పనిచేసేటట్లయితే ఇంత కాపలా దేనికి? తమవాళ్ళని థియేటర్లోకి పంపేటప్పుడు ఆత్మవాదులు మాత్రం ఆ తెర ఆపేయమంటారా?

ఆమె 2010 దాకా బతికింది. ఆ పందొమ్మిదేళ్ళు ఎవరి ఖాతాలో జమ రాయాలో వాళ్ళే చెప్పాలి.