ఎయిర్ గన్ హ్యామర్ బిగిస్తే పందులు పోవు, గాలి పోద్ది



పాల్వంచ, దమ్మపేట, అశ్వారావుపేట, చర్ల... అడవికి ఆనుకొని చేను ఉన్నోళ్లందరి బాధా ఒకటే. మొక్కజొన్న కంకి పాలు పోసుకునే వేళకు కోతులు, చీకటి పడితే పందులు, కొట్టంలో బస్తాల కింద పందికొక్కులు. ఈ బాధకే మనోళ్లు ఎయిర్ గన్ కొంటున్నారు. కొన్నాక కొన్నాళ్లకు వచ్చే ప్రశ్న కూడా ఒకటే: "హ్యామర్ స్ప్రింగ్ గట్టిది వేస్తే పవర్ పెరుగుద్దంట కదా అన్నా?"

నా అభిప్రాయం సూటిగా చెప్తా. హ్యామర్ సర్దుకోవడం మంచిదే. కానీ పవర్ పెంచడానికి కాదు, ప్రతి దెబ్బా ఒకేలా పడటానికి.

ముందు మీ చేతిలో ఉన్నది ఏ రకమో చూసుకోండి. గొట్టం మడిచి స్ప్రింగు ఎక్కించే గన్నులో హ్యామర్ ఉండదు. అందులో పెద్ద స్ప్రింగే పిస్టన్‌ను తోసి గాలిని నొక్కుద్ది. హ్యామర్ ఉండేది చేతి పంపుతోనో సిలిండర్‌తోనో ముందే గాలి నింపుకునే పీసీపీ గన్నులో. ట్రిగ్గర్ నొక్కితే హ్యామర్ అనే ఇనప ముక్క ముందుకు దూకి వాల్వు కాడను కొట్టుద్ది. వాల్వు క్షణకాలం తెరుచుకుంటది, గాలి పెల్లెట్‌ను తోస్తది.

దీన్నిబట్టి ఒక సంగతి అర్థం చేసుకోండి. పెల్లెట్‌ను తోసేది గాలి, హ్యామర్ కాదు. బోరు నీళ్లను తోసేది మోటారు, గేట్ వాల్వు తిప్పే చెయ్యి కాదు కదా! హ్యామర్ పని కూడా ఆ చెయ్యి పనే. గట్టిగా కొడితే వాల్వు ఎక్కువసేపు తెరుచుకుంటది. కొంతవరకు స్పీడు పెరుగుద్ది. ఆ తర్వాత పెల్లెట్ గొట్టం దాటిపోయినా గాలి ఇంకా పోతానే ఉంటది. చప్పుడు పెరుగుద్ది, స్పీడు పెరగదు. ముప్పై దెబ్బలు రావాల్సిన గాలి సగానికే అయిపోద్ది. మళ్లీ పంపు కొట్టేది మన భుజాలే.

ఇంకా పెద్ద నష్టం నిలకడ పోవడం. ఒక దెబ్బ సెకనుకు 240 మీటర్ల స్పీడుతో, ఇంకోటి 210తో పోయిందనుకోండి. 30 మీటర్ల దూరంలో రెండిటి మధ్య ఎత్తులో రెండు సెంటీమీటర్ల పైనే తేడా వస్తది. పందికొక్కు తలకాయ ఎంత ఉంటదో మీకు తెలుసు. గురి మనది తప్పలేదు, గన్ను తప్పింది.

కాబట్టి చేయాల్సింది ఇది. క్రోనోగ్రాఫ్ అనే స్పీడ్ మీటరు ఒకటి నలుగురు కలిసి కొనుక్కోండి. కంపెనీ చెప్పినంతే గాలి నింపండి. ఒకే రకం పెల్లెట్‌తో వరసగా ఇరవై దెబ్బలు కొట్టి స్పీడు నోటు పుస్తకంలో రాయండి. మొదటి దెబ్బ నుంచే స్పీడు పడిపోతా ఉంటే హ్యామర్ బిగువు ఎక్కువైనట్టు. వెనక స్క్రూ ఉంటే అర చుట్టు వదులు చేసి మళ్లీ చూడండి. మొదట తక్కువగా ఉండి, మెల్లగా పెరిగి, ఆఖర్న పడితే నింపిన ప్రెషర్‌ను హ్యామర్ సరిగ్గా తెరవలేకపోతున్నట్టు. అప్పుడు బిగించే బదులు గాలి కాస్త తక్కువ నింపండి. మధ్యలో స్పీడు నిలకడగా ఉన్న దెబ్బలే మనకు పనికొచ్చేవి. హ్యామర్ తిరిగే గొట్టాన్ని పొడి గుడ్డతో తుడిచి ఉంచండి. అక్కడ చిక్కటి గ్రీజు పూస్తే చలికాలం ఒకలా, ఎండాకాలం ఒకలా కొట్టుద్ది.

"పవర్ లేకపోతే గురి ఏముంటది" అనేవాళ్లకు ఒక మాట. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం తెచ్చింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. ఆ పోటీలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే. ఆ రైఫిళ్ల పవర్ మనం వాడే పీసీపీల కంటే చాలా తక్కువ. దెబ్బ దెబ్బకూ తేడా లేకపోవడమే వాటి గొప్పతనం.

ఇక చట్టం. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం ఎయిర్ గన్ బలం 20 జౌల్స్ దాటినా, గొట్టం కొలత .177, అంటే 4.5 మిల్లీమీటర్లు, దాటినా లైసెన్స్ ఉండాల్సిందే. లెక్క తేలికే: పెల్లెట్ బరువు గ్రాముల్లో తీసుకొని స్పీడుతో రెండుసార్లు గుణించి, 2000తో భాగించండి. 0.52 గ్రాముల పెల్లెట్ 277 మీటర్ల స్పీడు అందుకుంటే 20 జౌల్స్ అంచుకు వచ్చినట్టే. కొన్నప్పుడు లైసెన్స్ అక్కర్లేని గన్నే, మన ఇంట్లో స్ప్రింగ్ మార్చాక లైసెన్స్ లేని ఆయుధం అయిపోద్ది. కేసు పడితే కంపెనీ రాదు, మెకానిక్ రాడు. స్టేషన్ మెట్లెక్కేది మనమే.

పందుల కోసమే పవర్ అంటారా? పెల్లెట్ పందిని చంపదు, గాయం చేస్తది. గాయపడ్డ పంది పొద్దున్నే కూలికి వచ్చే ఆడోళ్ల మీదకు వస్తది. పైగా 1972 వన్యప్రాణి చట్టంలో గాయపరచడం కూడా వేట కిందికే వస్తది. నెమలికి తగిలితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. పందుల బాధకు అటవీ శాఖకు అర్జీ పెట్టండి, పంట నష్టపరిహారం అడగండి. తిరగడం కష్టమే, కాదనను. కానీ ఆ కష్టం కోర్టు చుట్టూ తిరిగే కష్టం కంటే తక్కువే.

ఆఖర్న ప్రాణం సంగతి. బైకు టైరులో ఉండేది రెండు బార్ల గాలి. పీసీపీలో 200 బార్లు, అంటే వంద రెట్లు. గాలి మొత్తం తీసేయకుండా ఒక్క స్క్రూ కూడా విప్పొద్దు. గాలి పోయే దారిలో మామూలు ఇంజన్ ఆయిల్ పోయొద్దు, సిలికాన్ గ్రీజే వాడాలి. వెల్డింగ్ షాపు ఆక్సిజన్ సిలిండర్‌తో ఎప్పుడూ నింపొద్దు, గన్ను చేతిలోనే పేలుద్ది. నిండిన గన్ను పిల్లలకు అందే చోట పెట్టొద్దు.

మందు కొట్టే పంపు ప్రెషర్ నిలకడగా ఉంటేనే ఆకు ఆకుకూ మందు సమానంగా పడుద్ది. గన్ను కూడా అంతే. కొట్టంలో పందికొక్కుకు ఉన్న పవర్ చాలు, కావాల్సింది నిలకడే. ఇప్పటికే గట్టి స్ప్రింగ్ వేసినోళ్లు ఉంటే, ఇవాళే పాతది వేసుకోండి.