వంతెన దాకా దారేదీ?

రాజమహేంద్రవరంలో 1900లో మొదలైన హేవలాక్ వంతెన మీద 1997లో రైళ్లు ఆగిపోయాయి. దాన్ని పర్యాటక కేంద్రంగా తీర్చిదిద్దేందుకు ‘అఖండ గోదావరి’ పథకం కింద 2025 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. ఆలస్యమైనా మంచిపనే. అయితే వంతెన ఎక్కాలంటే ముందు బజారు నుంచి గోదారి గట్టుకు జనం నడిచి రాగలగాలి కదా! మెయిన్ రోడ్డు నుంచి కోటగుమ్మం మీదుగా పుష్కరఘాట్ ఎంతో దూరం లేదు. కానీ పిల్లల చేయి పట్టుకుని, ముసలివాళ్లను వెంటబెట్టుకుని నిశ్చింతగా నడిచే బాట కావాలి.

మన ఘాట్లకు పన్నెండేళ్లకోసారి, గోదావరి పుష్కరాల పన్నెండు రోజుల కోసం రంగులేస్తారు. తరువాత అవి ఎవరికీ పట్టవు. 2015 పుష్కరాల తొలిరోజు ఈ పుష్కరఘాట్‌లోనే జరిగిన తొక్కిసలాట పాతిక మందికి పైగా ప్రాణాలు తీసింది. కాబట్టి దారుల వెడల్పును సుందరీకరణ పద్దులో వేయడం తప్పు. అది భద్రత పద్దు.

2027 పుష్కరాలు ముంచుకొస్తున్నాయి. శిల్పాల కన్నా, రంగు దీపాల కన్నా ముందు నీడనిచ్చే చెట్లు, కూర్చునే బల్లలు, శుభ్రమైన మరుగుదొడ్లు, ఆక్రమణలు లేని కాలిబాటలకు నగరపాలక సంస్థ డబ్బు కేటాయించాలి. పుష్కరాలు అయిపోయాక వాటి నిర్వహణ ఎవరిదో ఇప్పుడే తేల్చాలి.